పరాంకుశం గారి బదులు

చంపావతి విశ్వవిద్యాలయంలో అమెరికా రాజ్యాంగం అమల్లోకి వచ్చిన రోజు టిఫిన్ బాగా ఆలస్యమైంది.

ఎందుకు ఆలస్యమైందో తెలియాలంటే ముందు ఉపకులపతి త్రిలోచనరావు గారి సంగతి చెప్పుకోవాలి. ఆయన కిందటేడు ఎక్కడో చల్లటి ఊళ్లో శిక్షణకి వెళ్లారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మాత్రం 'అనుభవపూర్వక విద్య' అనే మాటని వెంటబెట్టుకొచ్చారు. ఇక మీదట ఏ విషయం మీద సదస్సు జరిగితే ఆ విషయాన్ని సదస్సుకొచ్చిన వాళ్లంతా అనుభవించి తీరాలని ఉత్తర్వు వేశారు. దాంతో కరువు మీద సదస్సు పెట్టుకున్న జాగ్రఫీ వాళ్లకి క్యాంపస్‌లో కుళాయిలన్నీ కట్టేశారు. బౌద్ధం మీద పెట్టుకున్న ఫిలాసఫీ వాళ్లు భిక్షాపాత్రలు పట్టుకుని స్టాఫ్ క్వార్టర్సులో ఇంటింటికీ తిరిగారు. రిజిస్ట్రార్ గారింట్లో గుత్తివంకాయ కూర వేస్తున్నారని తెలిసి ఇద్దరు ఆచార్యులు ఆ గుమ్మం ముందే, శాంతి మీద పేపర్లు చంకలో ఉండగానే, దెబ్బలాడుకున్నారు. పాముల మీద సదస్సు తలపెట్టిన జువాలజీ వాళ్లు ఆ ఉత్తర్వు రెండుసార్లు చదువుకుని తమ సదస్సుని నిరవధికంగా వాయిదా వేసేశారు.

ఇంత జరిగినా హిస్టరీ హెడ్డు ఆచార్య పరాంకుశం గారికి బుద్ధి రాలేదు. 'అమెరికా రాజకీయ, విధాన చరిత్రపై అంతర్జాతీయ సదస్సు' అని బ్యానరు కొట్టించేశారు. ఆయనకి అమెరికా మీద ప్రత్యేకమైన ప్రేమేమీ లేదు. ఆ నెలాఖరుకి రిటైరవుతున్నారు. పోయేలోగా ఒక పెద్ద సభలో, అందరికన్నా ముందు తన పేరు పిలిచి, తన భుజాల మీద మొదటి శాలువా కప్పాలి. ఇన్నేళ్ల సర్వీసులో ఆయనకి ఎప్పుడూ రెండో శాలువాయో మూడో శాలువాయో దక్కింది. మొదటిది ఎప్పుడూ కామర్సు హెడ్డు సింహాద్రప్పడు గారే ఎగరేసుకుపోయేవారు.

శాలువా పరాంకుశం గారిదైతే చాకిరీ ఇందుమతిది.

మజ్జి ఇందుమతి ఆ డిపార్ట్‌మెంట్లో కాంట్రాక్టు లెక్చరర్. ఎంతకాలంగా అంటే, ఆమె చేరినప్పుడు నాటిన నిమ్మమొక్క కాయలు కాస్తోంది గానీ ఆమె ఉద్యోగం మాత్రం ఏటా మళ్లీ మొదటి నుంచీ మొదలవుతోంది. చంపావతిలో కాంట్రాక్టు వాళ్లంటే పర్మనెంటు వాళ్ల బదులు ఉండేవాళ్లని అర్థం. పరాంకుశం గారి బదులు క్లాసులు చెప్పేది ఆమే. ఆయన బదులు జవాబు పత్రాలు దిద్దేది ఆమే. ఆయన మేనకోడలి పెళ్లిలో ఆయన బదులు విడిదింటి దగ్గర కాఫీలు చూసుకున్నది కూడా ఆమే. ఇది ఒక్క హిస్టరీలోనే కాదు, అన్ని డిపార్ట్‌మెంట్లలోనూ ఇదే రివాజు. ఎంత రివాజంటే దీన్ని ఎవరూ తప్పనుకోరు, అసలు ఎవరూ ఏమీ అనుకోరు.

ఆ ఏడు ఒక కొత్త రూలు వచ్చింది. విద్యా సంవత్సరం ముగిసేలోగా ఏదైనా అంతర్జాతీయ సదస్సులో పేపరు చదవని కాంట్రాక్టు లెక్చరర్ని మళ్లీ తీసుకోరు. విద్యా సంవత్సరంలో మిగిలినదల్లా ఈ నెలే. నెలలో మిగిలిన అంతర్జాతీయ సదస్సు ఇదొక్కటే. భర్త సెల్‌ఫోన్ల కొట్టు మూతబడి ఇంట్లో కూర్చున్నాడు, కూతురు ఇంటర్లో ఉంది. ఇందుమతి పేపరు చదవకపోతే ఆ ఇంట్లో పొయ్యి వెలగడం కష్టం. ఆ సంగతి ఆమెకి నిద్రలో లేపి అడిగినా తెలుసు.

పేపరు మాత్రం ఉద్యోగం కోసం రాసినట్టు లేదు. అమెరికా పల్లెలకి కరెంటు ఎలా వచ్చిందన్నది విషయం. ఇందుమతిది సాలూరు అవతల కొండల్లో ఊరు. ఆ ఊరికి ఆమె హైస్కూల్లో ఉండగా కరెంటొచ్చింది. బల్బు వెలిగిన మొదటి సాయంత్రం వాళ్లమ్మ ఇంట్లో మసిబారిన గోడలు చూసి సిగ్గుపడి, మర్నాడు పొద్దున్నే ముగ్గు డబ్బా పక్కన పెట్టి సున్నం వేయడానికి పూనుకుంది. అమెరికాలో కూడా అలాంటి అమ్మలు ఉన్నారని పుస్తకాల్లో చదివినప్పుడు ఇందుమతికి ఎంత సంతోషం వేసిందో చెప్పలేం. రెండు వేసవి సెలవులు కూర్చుని ఆ పేపరు రాసింది.

బ్యానరు చూసిన ఉపకులపతి గారు పరాంకుశం గారిని పిలిపించారు.

"ఆచార్యా, అమెరికా గురించి మాట్లాడుకోవడం కాదు. ఆ రాజ్యాంగ వ్యవస్థని మనం సంపూర్ణంగా జీవించాలి. ఇది ఒక చారిత్రక అనుభవ సాక్షాత్కారం కావాలి" అన్నారు.

పరాంకుశం గారికి ఏమీ అర్థం కాలేదు గనక తక్షణం ఒప్పుకున్నారు.

ఆ వారమే రాజ్యాంగం తయారైంది. ఉపకులపతి గారు అధ్యక్షులయ్యారు. ఆయన అప్పటికే అలాగే నడుచుకుంటున్నారు గనక పెద్ద మార్పేమీ రాలేదు. రిజిస్ట్రార్ గారు ఉపాధ్యక్షులు, ఎగువ సభకి సభాపతి. ఎగువ సభలో డిపార్ట్‌మెంటు పెద్దదైనా చిన్నదైనా ఇద్దరేసి సభ్యులు. సంస్కృతంలో ఉన్నది ఒక్కరే కాబట్టి ఆయన రెండు చేతులూ ఎత్తి ఓటు వేయాలని తీర్మానించారు. దిగువ సభలో మాత్రం స్టాఫు ఎంతమంది ఉంటే అన్ని సీట్లు. అందరికన్నా ఎక్కువమంది కామర్సులో ఉన్నారు గనక దిగువ సభ మొత్తం సింహాద్రప్పడు గారి గుప్పిట్లోకి వెళ్లింది. ముగ్గురు రిటైర్డ్ ఆచార్యులతో సర్వోన్నత న్యాయపీఠం ఏర్పడింది. వాళ్లు అంతకుముందు కూడా పిలిచినా పిలవకపోయినా ప్రతి సదస్సుకీ వచ్చి ముందు వరుసలో కూర్చునేవారు. ఇప్పుడు బతికినంతకాలం కూర్చునే హక్కు వచ్చింది.

కాంట్రాక్టు వాళ్లకి ఏ సభలోనూ చోటు లేదు. పర్మనెంటు అధ్యాపకులు తప్ప ఇతరులు మాట్లాడకూడదని రాజ్యాంగంలోనే రాశారు. ఆ రాజ్యాంగాన్ని టైపు చేసింది ఇందుమతే.

సదస్సు రోజు పొద్దున్నే మొదటి బిల్లు టిఫిన్ మీద వచ్చింది. దిగువ సభ ఉప్మా అని పాస్ చేసింది. ఎగువ సభ ఇడ్లీ అంది. రెండు సభలకీ రాజీ కుదర్చడానికి సంయుక్త కమిటీ వేశారు. అది వంటశాల పక్కన చాలాసేపు తర్జనభర్జన పడి, చివరికి రెండు సభల మనోభావాలూ గౌరవిస్తూ ఇడ్లీ ఉప్మా అని తేల్చింది. వండిన ఇడ్లీలన్నీ చిదిపి పోపు పెట్టారు. ఇంతలో అధ్యక్షులవారికి కడుపులో మంట, ఆయన పెసరట్టు తప్ప ముట్టరు గనక బిల్లుని తిప్పి పంపారు. అధ్యక్షుడు కాదన్న బిల్లుని నెగ్గించుకోవాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతులు ఒప్పుకోవాలి. ఎగువ సభలో ఒక్క ఓటు తక్కువపడే చోట సంస్కృతం ఆయన రెండో చెయ్యి కూడా ఎత్తారు. అలా ఇడ్లీ ఉప్మా చట్టమైంది. అప్పటికి అది చల్లారి, చెంచా నిలబెడితే నిలబడేట్టు అయింది. అయినా సొంతంగా సాధించుకున్నది కాబట్టి అందరూ కిక్కురుమనకుండా తిన్నారు.

సదస్సుకి అంతర్జాతీయం అనే పేరు దక్కించిన మనిషి ఒక్కరే వచ్చారు. అమెరికాలో ఒహైయో నుంచి లోరెట్టా హిగ్గిన్స్ అనే ప్రొఫెసరు. పెద్దావిడ, వేరే పని మీద విశాఖపట్నం వచ్చి, పిలిస్తే మొహమాటపడి ఇక్కడిదాకా వచ్చారు. ఇదంతా తమ దేశం మీద కట్టిన నాటకమని మొదట అనుకున్నారట. మధ్యమధ్య చప్పట్లు కొట్టేవారు. నాటకం కాదని ఇందుమతి చెప్పాక ఆవిడ చప్పట్లు ఆపేశారు. తర్వాత, మా దగ్గర కూడా ఇంత శ్రద్ధగా చెయ్యరని నెమ్మదిగా అన్నారు.

జ్యోతి ప్రజ్వలన దగ్గర ఇంకో చిక్కొచ్చింది. అధికారపీఠాలు మూడూ సమానం గనక ఎవరూ ముందు వెలిగించకూడదు. అధ్యక్షులూ, సభాపతీ, ప్రధాన న్యాయమూర్తీ మూడు కొవ్వొత్తులూ ఒక్కసారే పెట్టారు. వత్తి నూనెలో మునిగి ఆరిపోయింది. ఆ తర్వాత వేదిక మీదకి ఆహ్వానాలు. ఎగువ సభ వాళ్లని పిలిస్తే దిగువ సభ వాళ్లు అలిగారు. అందరినీ పిలిచేశారు. ఆఖరికి వేదిక మీద విశ్వవిద్యాలయమంతా కూర్చుంది, మిగతా కాంట్రాక్టు వాళ్లు ఎవరెవరి బదులో పనుల మీద తిరుగుతున్నారు గనక కింద హాల్లో ఇందుమతీ లోరెట్టా గారూ మిగిలారు. వాళ్లిద్దర్నీ ఉద్దేశించి ఉపకులపతి గారు 'సభకి విచ్చేసిన అశేష ప్రజానీకానికి' అని మొదలుపెట్టి చాలాసేపు మాట్లాడారు.

ఇందుమతి పేపరు భోజనాల తర్వాత మొదటిది. ఫైలు ఒళ్లో పెట్టుకుని ఆమె అలాగే కూర్చుంది.

భోజనాల వేళ సింహాద్రప్పడు గారు బాంబు పేల్చారు. సదస్సు అధ్యక్ష స్థానం హిస్టరీ నుంచి కామర్సుకి మార్చాలనీ, ముగింపు సభలో మొదటి శాలువా కూడా ఆ ప్రకారమే కప్పాలనీ దిగువ సభలో బిల్లు పెట్టి, కూర్చున్నచోటే పాస్ చేయించేసుకున్నారు. ఇప్పుడది ఎగువ సభకి వచ్చింది. అక్కడ కూడా ఆయన అవసరమైనన్ని ఓట్లు కూడగట్టుకున్నారని అప్పడాలు నములుతూ అందరూ చెప్పుకుంటున్నారు. ఈ బిల్లు తేలేదాకా ఏ పేపరూ చదవడానికి వీల్లేదని సభాపతి గారు ప్రకటించారు.

ఇందుమతి గడియారం చూసుకుంది. సాయంత్రం ఐదింటికి సదస్సు ముగిసిపోతుంది. అంతలో బిల్లు తేలాలి, సదస్సు అధ్యక్షుడు మారాలి, ఆ కొత్తాయన మాట్లాడాలి. ఇంక పేపర్లకి చోటేదీ? ఆమె వెళ్లి పరాంకుశం గారితో, సార్, నా పేపరు ఒక్కటైనా ముందు చదివించండి, నా సంగతి మీకు తెలుసు కదా అని బతిమాలింది. ఆయన మొహం అప్పటికే పాలిపోయి ఉంది.

"నీ పేపరేమిటమ్మా, ఇక్కడ నా శాలువా పోతుంటే" అన్నారు.

ఆ మాటకి ఇందుమతికి ఒళ్లు మండింది. కానీ ఏళ్ల తరబడి ఒళ్లు మండినప్పుడల్లా ఏం చేస్తోందో అదే చేసింది. ఆయనకి దారి చూపించింది. అమెరికా ఎగువ సభలో ఒకసారి లేచి నిలబడ్డ సభ్యుణ్ణి తనంతట తాను కూర్చునేదాకా ఎవరూ ఆపకూడదు. ఏం మాట్లాడినా చెల్లుతుంది. ఆయన మాట్లాడుతున్నంతసేపూ ఓటింగు జరగదు. కూర్చోకూడదు, దేన్నీ ఆనుకోకూడదు, సభ దాటి పోకూడదు. అడిగినవాళ్లకి ప్రశ్న వేసే అవకాశం ఇస్తే ఇవ్వొచ్చు. అలా మాట్లాడి మాట్లాడి బిల్లుల్ని చంపేసిన మహానుభావులు అక్కడ చరిత్రలో ఉన్నారు. వాళ్లు దానికి ఫిలిబస్టర్ అని ఒక పేరు కూడా పెట్టుకున్నారు. మనవాళ్లు ప్రతి సన్మాన సభలోనూ ఇదే చేస్తున్నా ఇంతవరకు దానికి పేరు పెట్టాలని ఎవరికీ తట్టలేదు.

ఐదింటిదాకా మాట్లాడితే సదస్సుతోపాటే బిల్లూ చస్తుందని తెలిసి పరాంకుశం గారి మొహం వికసించింది. భోజనాలవగానే ఎగువ సభలో లేచారు. సభ్యులు జారుకోకుండా తలుపులు మూయించారు. దిగువ సభ వాళ్లు చూడటానికి వచ్చి లోపలే ఇరుక్కున్నారు. ఫిజికల్ డైరెక్టర్ పైడిరాజు గారు మెడలో విజిల్ వేసుకుని గుమ్మానికి అడ్డంగా నిలబడ్డారు. సెల్‌ఫోన్లన్నీ ఒక గోనెసంచిలో వేయించి పక్కన పెట్టుకున్నారు.

పరాంకుశం గారు తన బాల్యంతో మొదలుపెట్టారు. పుట్టినప్పటి నక్షత్రం, అక్షరాభ్యాసం చేయించిన పంతులుగారి నశ్యం డబ్బా, ఐదో తరగతిలో గోళీలాట. అక్కడిదాకా బాగానే వచ్చారు. హైస్కూలు దగ్గరికి వచ్చేసరికి కాళ్లు దగ్గరగా పెట్టుకోవడం మొదలెట్టారు. ఆయనకి షుగరు. మధ్యాహ్నం భోజనంలో మజ్జిగ కూడా గట్టిగానే పట్టించారు. బయటికి పోతే బిల్లు నెగ్గుతుంది, పోకపోతే ఇంకా పెద్ద ప్రమాదం. ఆయన నుదుటి మీద చెమట కారుతుంటే సింహాద్రప్పడు గారు ముందు వరుసలో కాలు మీద కాలేసుకుని, చేతిలో గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి నీళ్లు వంపుకుంటూ కూర్చున్నారు.

ఆ అవస్థలో పరాంకుశం గారు ఎప్పుడూ చేసే పనే చేశారు. గోడ పక్కన నిలబడ్డ ఇందుమతిని చేత్తో పిలిచారు.

"ఏమ్మా, నా బదులు కాసేపు మాట్లాడు."

"ఏం మాట్లాడమంటారు సార్?"

"ఏదైనా. ఆపకు. అంతే."

సభాపతి గారు కళ్లజోడు పైకి జరుపుకుని, ఇది ఏ నిబంధన ప్రకారం అని అడిగారు. పరాంకుశం గారు నడుస్తూనే, క్లాసులు, పరీక్షలు, రీసెర్చి అన్నీ ఈమె నా బదులు చేసేదేనండీ, ఇందులో కొత్తేముందని అడిగారు. అభ్యంతరం ఉన్నవాళ్లు చెప్పమని సభాపతి గారు సభ వైపు తిరిగారు. ఒక్కరూ నోరు మెదపలేదు. మెదిపితే తమ సంగతి కూడా బయటికొస్తుంది. సింహాద్రప్పడు గారు లేవబోయి మళ్లీ కూర్చున్నారు. ఆయన బదులు ఆయన కాంట్రాక్టు లెక్చరరు ఆ సమయంలోనే గ్యాస్ సిలిండరు కోసం లైన్లో ఉన్నాడు.

ఇందుమతి మైకు ముందుకొచ్చింది. ఏదైనా మాట్లాడొచ్చు. ఎవరూ ఆపకూడదు. తలుపులు మూసి ఉన్నాయి. ఇవన్నీ ఒకటొకటిగా తలకెక్కేసరికి ఆమెకి నవ్వొచ్చింది. ఫైలు తెరిచి, తన పేపరు మొదటి పేజీ మొదటి వాక్యం నుంచి చదవడం మొదలుపెట్టింది.

రెండో పేజీలో ఉండగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయాయి. జనరేటరు వేయమని అరిచారు. జనరేటరు బిల్లు ఇంకా దిగువ సభ కమిటీలో నలుగుతోంది, పాస్ కానిదే వేయడానికి లేదు. మైకు కూడా పోయింది గనక ఇందుమతి గొంతు పెంచింది. మే నెల మధ్యాహ్నం, మూసిన హాలు, ఫోన్లు గోనెసంచిలో. సభ్యులకి వినడం తప్ప గత్యంతరం లేకపోయింది. చంపావతిలో ఒక పేపరుని అందరూ కూర్చుని మొదటి నుంచీ వినడం అదే మొదటిసారి.

పంతొమ్మిదివందల ముప్ఫైల నడుమ దాకా అమెరికాలో పదిమంది రైతుల్లో తొమ్మిదిమంది ఇళ్లకి కరెంటు లేదని చదివింది. ఇళ్లు దూరందూరంగా ఉంటాయి, స్తంభాలకి గిట్టుబాటు కాదని కంపెనీలు వాళ్లని వదిలేశాయి. ప్రభుత్వం తక్కువ వడ్డీకి అప్పిస్తానంది. రైతులు తమలో తాము సంఘాలు కట్టి, బురదలో ఇంటింటికీ తిరిగి సభ్యుల్ని చేర్చి, తమ లైన్లు తామే వేసుకున్నారు. నీళ్లు మోసి మోసి వంగిపోయిన ఆడవాళ్ల గురించి, పొయ్యి మీద కాల్చిన ఇస్త్రీపెట్టెల గురించి చదివింది.

ముందుగా బోటనీ మేడం విసనకర్ర ఆపారు. తర్వాత జువాలజీ ఆయన, పాలు పితికే యంత్రాలు ఎప్పుడొచ్చాయని ప్రశ్న అడిగారు. ఇందుమతి చెప్పింది. ఫిజిక్సు ఆయన తమ ఊళ్లో స్తంభం కోసం వాళ్ల నాన్న తాసిల్దారు ఆఫీసు చుట్టూ తిరిగిన సంగతి చెప్పుకొచ్చారు, అది ప్రశ్నగా లెక్కలోకి రాకపోయినా ఎవరూ ఆపలేదు. లోరెట్టా గారు కుర్చీ ముందుకి జరుపుకుని మోచేతులు మోకాళ్ల మీద ఆనించి విన్నారు. ఇందుమతికి ఉద్యోగం గుర్తులేదు, శాలువా గుర్తులేదు. తన రెండు వేసవుల పనిని మనుషులు వింటున్నారన్న సంతోషంలో, నిలబడ్డ కాళ్లు లాగుతున్నాయని కూడా తెలియలేదు.

పరాంకుశం గారు బాత్రూం నుంచి తిరిగొచ్చి, పైడిరాజు గారు కాస్త తలుపు తీస్తే లోపలికి దూరి, స్తంభం చాటు కుర్చీలో కూర్చున్నారు. కడుపు నిండుగా ఉంది, మనసు తేలిగ్గా ఉంది. రెండో నిమిషంలో గుర్రు పెట్టారు.

పేపరు అయిపోయింది, ఫుట్‌నోట్సు కూడా అయిపోయాయి, పుస్తకాల జాబితా సగంలో ఉండగా ఐదు కొట్టింది. బిల్లు చచ్చింది.

సింహాద్రప్పడు గారు ఒక్క గెంతులో న్యాయపీఠం ముందు వాలారు. మాట్లాడింది కాంట్రాక్టు లెక్చరరు, సభలో నోరెత్తే హక్కే ఆమెకి లేదు, ఆ ప్రసంగం చెల్లదు, చెల్లని ప్రసంగం బిల్లుని ఆపలేదు, కాబట్టి బిల్లు నెగ్గినట్టేనని వాదించారు. వాదన గట్టిదే. ఇందుమతికి ఉద్యోగం మళ్లీ గుర్తొచ్చింది. ప్రసంగం చెల్లకపోతే పేపరూ చెల్లదు.

న్యాయమూర్తులు ముగ్గురూ తలలు దగ్గర పెట్టుకున్నారు. ప్రధాన న్యాయమూర్తి నృసింహమూర్తి గారు తెలుగు శాఖలో రిటైరైనవారు. మాట్లాడితే అచ్చుపుస్తకం చదివినట్టుంటుంది. ఆయన లేచి గొంతు సవరించుకున్నారు.

"ఎగువ సభలో పర్మనెంటు అధ్యాపకులు తప్ప అన్యులు మాట్లాడరాదు. ఈమె మాట్లాడినది. అనగా సభ పొరపాటు చేసినదందుమా? అన్నచో ఉదయము నుండి ఈ సభ చేసినవన్నియు రద్దగును. మనము తినియున్న ఇడ్లీ ఉప్మాను రద్దుచేయుటకు ఈ న్యాయపీఠమునకు ఎట్టి సాధనమును లేదు. కావున సభ పొరపాటు చేయలేదు. పర్మనెంటు వారే మాట్లాడిరి. కావున ఈ ఇందుమతి పర్మనెంటు."

హాల్లో ఎవరికీ ఊపిరి ఆడలేదు. ఫ్యాన్లు లేవని కాదు. కరెంటు పోయి ఏసీ ఆగిపోతే తన గది వదిలి, తలుపు తీయించుకుని వచ్చిన ఉపకులపతి గారు, ఇది నియామకాల నిబంధనలకి విరుద్ధమని లేచారు. అధ్యక్షుడు న్యాయపీఠం తీర్పుని ధిక్కరిస్తున్నారా అని నృసింహమూర్తి గారు అడిగారు. ధిక్కరిస్తే అనుభవం అసంపూర్ణమవుతుంది, తన ఉత్తర్వుని తానే ఉల్లంఘించినట్టవుతుంది. ఉపకులపతి గారు ఆ తీర్పుని శిరసావహిస్తున్నట్టు, ఇది చారిత్రక సాక్షాత్కారమైనట్టు ప్రకటించారు. రిజిస్ట్రారు అక్కడికక్కడే ఉత్తర్వు మీద సంతకం పెట్టారు.

ఇందుమతి కళ్లు తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో ఆమెకే తెలియలేదు. ఇంటికి ఫోన్ చేద్దామంటే ఫోను గోనెసంచిలో ఉంది.

"తీర్పు రెండవ భాగము వినుడు" అన్నారు నృసింహమూర్తి గారు. "సదరు ప్రసంగము పరాంకుశము గారి బదులు చేయబడినది. వారి బదులు చేయబడినవన్నియు వారివే యగుట ఈ విశ్వవిద్యాలయ సంప్రదాయము. కావున ఆ పరిశోధనాపత్రము పరాంకుశము గారిది."

ఇందుమతి నవ్వు మొహం మీదే ఆగిపోయింది. ఉద్యోగం వచ్చింది, పేపరు పోయింది. సాలూరు అవతలి ఊరూ, సున్నం వేసిన గోడలూ, బురదలో తిరిగిన రైతులూ అన్నీ పరాంకుశం గారివైపోయాయి. ఉద్యోగమే కదా కావలసింది, ఇంకా ఏడుపెందుకని తనని తాను మందలించుకుంది. మనసు మాట వినలేదు.

పరాంకుశం గారిని తట్టి లేపారు. లేస్తూనే చప్పట్లు. ఉపకులపతి గారు స్వయంగా మొదటి శాలువా కప్పారు. మంచి ఉన్ని శాలువా. మే నెల, కరెంటు లేదు, అయినా ఆయన దాన్ని మెడ చుట్టూ సర్దుకుని మురిసిపోతూ సభకి నమస్కారాలు పెట్టారు.

అప్పుడు లోరెట్టా గారు చెయ్యెత్తారు. ఇన్నేళ్లలో తాను విన్న మంచి పేపర్లలో ఇదొకటని, రాసినవారిని ఒక ప్రశ్న అడగాలని ఉందని అన్నారు. సంఘాలు లైన్లు వేసుకోబోతున్నాయని తెలిసి, కంపెనీలు వాళ్లకి అడ్డంగా పంతానికి లైన్లు వేశాయని పేపర్లో ఉంది కదా, మరి వాటి సంగతి చివరికి ఏమైంది, ఆ పల్లెలు ఎలా నెగ్గుకొచ్చాయి అని అడిగారు. అంతర్జాతీయ ప్రశ్న గనక, జవాబు అయ్యాకే తలుపులు తీయాలని సభాపతి గారు ఆదేశించారు. పైడిరాజు గారు విజిల్ ఊదారు.

హాలంతా పరాంకుశం గారి వైపు తిరిగింది. ఆయన శాలువా కొసతో నుదురు తుడుచుకున్నారు. పంతం ఎవరిదో, లైన్లు ఎక్కడివో, ఎవరు నెగ్గారో ఆయనకి ఒక్క ముక్క తెలియదు. కానీ ఏమీ కంగారుపడలేదు. అలవాటుగా పక్కకి తిరిగి చెయ్యి ఊపారు.

"మా ఇందుమతి చెప్తుంది. చెప్పమ్మా."

ఇందుమతి మైకు దాకా వెళ్లలేదు. ఎగువ సభ వరసలో ఖాళీగా ఉన్న ఒక కుర్చీ చూసుకుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని కూర్చుంది.

"క్షమించండి సార్. మీ బదులు మాట్లాడాలంటే కాంట్రాక్టు వాళ్లు కావాలి. నేను పర్మనెంటు కదా."

లోరెట్టా గారు పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నారు. పరాంకుశం గారు శాలువాతో అలాగే నిలబడ్డారు.